మెలియెస్ మాయ ఎక్కడుంది, దివాలా ఎక్కడ మొదలైంది

ప్రశ్న: సినిమా తొలిరోజుల ఫ్రెంచి దర్శకుడు జార్జ్ మెలియెస్ గురించి ఎక్కడ చదివినా రెండే సంగతులు కనిపిస్తున్నాయి. పారిస్ వీధిలో కెమెరా ఇరుక్కుపోవడంతో మాయం చేసే ట్రిక్కు దొరికిందనేది ఒకటి. అమెరికావాళ్లు ‘చంద్రమండల యాత్ర’ ప్రింట్లు దొంగిలించడంతో దివాలా తీశాడనేది రెండోది. ఇవి నిజమేనా? ఆ మనిషి మాయమయ్యే షాటు అసలు ఎలా తీశాడు? మేం ఫోన్‌తో తీస్తే అతుకు ఎందుకు కనబడుతోంది?

జవాబు:

మొదటి కథ చెప్పింది మెలియెస్సే. 1907లో రాసిన వ్యాసంలో ఉంది. ప్లాస్ ద లొపేరా దగ్గర షూటింగు చేస్తుంటే ఫిల్ము ఇరుక్కుందట. సరిచేసి మళ్లీ తిప్పడానికి ఒక నిమిషం పట్టిందట. తర్వాత తెర మీద చూస్తే గుర్రపు బస్సు కాస్తా శవాన్ని మోసే బండి అయిందట, మగవాళ్లు ఆడవాళ్లయ్యారట. ఆ రీలు మిగల్లేదు కాబట్టి దాన్ని ఆయన మాటగానే తీసుకోవాలి. ఆ ఎత్తు అప్పటికి లోకంలో లేనిదేమీ కాదు. 1895లోనే ఎడిసన్ కంపెనీ స్కాట్లండ్ రాణి మేరీకి శిరచ్ఛేదం చేసే దృశ్యంలో నటుడి బదులు బొమ్మను పెట్టి ఇదే పని చేసింది.

కెమెరా ఇరుక్కున్నా ఇరుక్కోకపోయినా మెలియెస్‌కి తేడా పడేది కాదని నా అభిప్రాయం. ఆయన అప్పటికే ఎనిమిదేళ్లుగా ఇంద్రజాలికుడు. 1861 డిసెంబర్ 8న పారిస్‌లో బూట్ల ఫ్యాక్టరీ ఉన్న ఇంట్లో పుట్టాడు. 1888లో ఆ ఫ్యాక్టరీలో తన వాటా అన్నదమ్ములకు అమ్మేసి, ఆ డబ్బుతో ఇంద్రజాల ప్రదర్శనలు జరిగే రొబేర్-హుదాఁ థియేటర్ కొన్నాడు. వస్తువును మార్చేసే క్షణంలో ప్రేక్షకుడి కన్ను ఎక్కడుండాలో ఆయన రోజూ రాత్రి వేదిక మీద సాధన చేసిన సంగతి. 1895 డిసెంబర్ 28న పారిస్ గ్రాండ్ కేఫ్‌లో ల్యూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చేసిన మొదటి సినిమా ప్రదర్శన చూశాడు. వాళ్ల యంత్రం అమ్మమంటే వాళ్లు అమ్మలేదు. లండన్‌లో రాబర్ట్ పాల్ దగ్గర ప్రొజెక్టరు కొన్నాడు. దాన్ని విప్పి చూసి, దాని మీదే కెమెరా కట్టించుకున్నాడు. 1896 వేసవికల్లా సొంతంగా తీస్తున్నాడు.

ఇక ట్రిక్కు. ‘స్త్రీ అదృశ్యం’ (1896) సినిమా తీసుకోండి. నిడివి నిమిషం పైన. ఆయన ఒక పాత పేపరు తెచ్చి నేల మీద పరిచి, దాని మీద కుర్చీ వేసి, జాన్ దల్సీని కూర్చోబెడతాడు. పేపరు ఎందుకు? వేదిక మీద ఈ ఆట ఆడేటప్పుడు మనిషి నేలలోని తలుపు గుండా కిందికి జారిపోతుంది. పేపరు పరిస్తే అక్కడ తలుపు లేదని చూపినట్టు. సినిమాలో తలుపుతో పనే లేదు, అయినా పేపరు వేశాడు. ఆమె మీద గుడ్డ కప్పుతాడు, తీస్తాడు, ఆమె లేదు. చేతులు ఆడిస్తే కుర్చీలో అస్థిపంజరం. మళ్లీ గుడ్డ కప్పి తీస్తే ఆమె.

కెమెరా ఆపాడు, మనిషిని మార్చాడు, మళ్లీ తిప్పాడు, అంతే కదా అంటారు. అంతే అయితే అది తెర మీద దెబ్బతింటుంది. కారణం చేతితో తిప్పే కెమెరాలోనే ఉంది. హ్యాండిల్ తిప్పడం ఆపేటప్పుడు యంత్రం ఒక్కసారిగా ఆగదు, మెల్లగా ఆగుతుంది. మెల్లగా నడిచిన ఆ కొన్ని ఫ్రేముల మీద వెలుతురు ఎక్కువసేపు పడుతుంది. మళ్లీ మొదలెట్టేటప్పుడూ అంతే, వేగం అందుకునేదాకా అవే తెల్లబారిన ఫ్రేములు. తెర మీద అది మెరుపు మెరిసినట్టు కనబడుతుంది. మనిషి సంగతి ఇంకొకటి. ఆగమని కేక వినగానే ఎవరైనా ముందు తడబడి ఆ తర్వాతే బిగుసుకుంటారు. ఆ తడబాటు కూడా ఫిల్ము మీద పడుతుంది.

కాబట్టి అసలు పని నెగిటివ్ కడిగాక మొదలవుతుంది. తెల్లబారిన ఫ్రేములు, తడబడిన ఫ్రేములు రెండు వైపులా కోసేయాలి. మొదటి ముక్క చివర చెయ్యి ఎక్కడుందో రెండో ముక్క మొదట్లో చెయ్యి అక్కడే ఉండే రెండు ఫ్రేములు వెతకాలి. ఒక ఫ్రేము అంచున పూత గీకి, ఫిల్ము అతికించే జిగురు రాసి, రెండో ముక్క అతికించాలి. ఇప్పుడు మిగిలివున్న ప్రింట్లు ఫ్రేము ఫ్రేముగా చూస్తే మార్పు జరిగిన చోట అతుకు దొరుకుతుంది. కెమెరా ఆపడం వల్లే అంతా అయిపోయిందనుకున్నవాళ్లకు ఆ అతుకే జవాబు. సినిమా కూర్పు అనే మాట పుట్టకముందే ఆయన రెండు ఫ్రేముల మధ్య కోత ఎక్కడ పడాలో తేల్చుకుంటూ కూర్చున్నాడు.

మీ ఫోన్ షాటులో అతుకు కనబడటానికి ఐదారు కారణాలుంటాయి. ఎక్కువగా చూసేవి ఇవి.

ఫోన్ వెలుతురును తనంతట తాను సరిచేసుకుంటుంది. ఫ్రేములోంచి మనిషి వెళ్లిపోగానే గోడ ఒక మెట్టు వెలుగుతుంది లేదా మసకబారుతుంది. తీసేముందు ఎక్స్‌పోజరు, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. మొదటి రెండే లాక్ చేసి మూడోది వదిలేస్తే గోడ రంగు పసుపు నుంచి నీలానికి జరుగుతుంది.

రెండోది, మధ్యలో ఫోన్ ముట్టుకోవడం. రికార్డింగు ఆపడానికి వేలు తగిలినా ఫ్రేము ఒక వెంట్రుక కదులుతుంది. అసలు ఆపకండి. మనిషి మారేదాకా అలాగే నడవనివ్వండి, తర్వాత కోసుకోవచ్చు. మెలియెస్ ఆపింది ఫిల్ము ఖర్చు వల్ల. మీకు ఆ ఖర్చు లేదు.

మూడోది ఎండ. కిటికీ వెలుగులో తీస్తే మనిషి చీర మార్చుకొచ్చే పది నిమిషాల్లో నీడ జరిగిపోతుంది. మబ్బు అడ్డొస్తే ఇంకా ఘోరం.

అన్నిటికంటే పెద్దది, నిశ్చలంగా ఉన్న భంగిమలో కోయడం. నటుడు శిలలా నిలబడి ఉండగా మాయమైతే కన్ను వెంటనే పట్టేస్తుంది, ఎందుకంటే అప్పుడు అది పోల్చుకోవడం తప్ప ఇంకేం చేయదు. కదలికలో కోయండి. మంత్రగాడి చెయ్యి పైనుంచి కిందికి వస్తుండగా కోయాలి. రెండో ముక్కలో అదే చెయ్యి అదే దారిలో కొంచెం పైనుంచే మళ్లీ దిగాలి. మొదటి ముక్కలో నటుడు ఆగడం మొదలుపెట్టకముందే వదిలేయండి, రెండో ముక్కను కదలిక మొదలైపోయాక అందుకోండి. సరిపోల్చడానికి ఎడిటింగులో మొదటి ముక్క చివరి ఫ్రేమును సగం పారదర్శకంగా చేసి రెండో ముక్క మీద పెట్టి చూడండి. భుజం, అంచు పట్టిన గుడ్డ, నేల మీద కాలు మూడూ కలిస్తే చాలు. మన పాత పౌరాణికాల్లో నారదుడు ప్రత్యక్షమయ్యే చోట ముఖం కుదిరినా మెడలో దండ ఎగిరిపడటం చూసే ఉంటారు. ఆ దండను ఎవరూ సరిచూడలేదన్నమాట.

పొగ వాడితే మార్పు తర్వాతే వదలండి. పొగ ముందునుంచీ ఉంటే రెండు ముక్కల్లో ఒకే ఆకారంలో ఉండమన్నా ఉండదు. మెలియెస్ సినిమాల్లో పొగ గుప్పున లేచే చోట ఆపి చూడండి. చాలాచోట్ల మార్పు అప్పటికే అయిపోయి ఉంటుంది, పొగ దాని మీద ముసుగు.

ఆయన ట్రిక్కుల్లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ‘రబ్బరు తల మనిషి’ (1901). బల్ల మీద ఒక తల పెట్టి, తిత్తితో గాలి కొడితే అది ఉబ్బుతూ పోతుంది. కెమెరా కదల్లేదు. నల్లగుడ్డ వెనకాల శరీరం దాచుకుని మెలియెస్సే ఒక బండి మీద కూర్చున్నాడు. ఆ బండిని కెమెరా వైపు లాగారు. దగ్గరికి వచ్చేకొద్దీ తల పెద్దదవుతుంది. తేలికే కదా అనిపిస్తుంది, కానీ ఇక్కడో చిక్కుంది. వస్తువు కెమెరా దగ్గరికి వస్తే పైకీ కిందికీ రెండు వైపులా పెరుగుతుంది. అంటే గడ్డం బల్ల కిందికి దిగిపోతుంది. తల బల్ల మీద కూర్చున్నట్టు కనబడాలంటే దగ్గరికి వచ్చేకొద్దీ మనిషి పైకి లేవాలి. అందుకని బండిని వాలుబల్ల మీదుగా ఎక్కించారు. ఆ వాలు కుదరకపోతే తల బల్లలో మునుగుతుంది, లేదా గాలిలో తేలుతుంది. ఫోకస్ చిక్కు వేరే ఉంది. లెన్సు రంధ్రం చిన్నదైతేనే దగ్గరా దూరమూ రెండూ స్పష్టంగా పడతాయి, రంధ్రం చిన్నదవాలంటే మంచి ఎండ కావాలి.

ఇదంతా ఒక ఎత్తు, దీన్ని మిగతా దృశ్యంతో కలపడం ఇంకో ఎత్తు. ముందు గది, బల్ల, తిత్తి కొట్టే మనిషి ఉన్న దృశ్యం తీస్తారు. తల రావలసిన చోటు నల్లగా వదిలేస్తారు. నలుపు ఫిల్ము మీద ఏమీ రాయదు, ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. ఫిల్మును వెనక్కి తిప్పి, అంతా నల్లగుడ్డ కప్పి, తలను మాత్రం అదే ఫిల్ము మీద రెండోసారి తీస్తారు. ‘మనిషే మేళం’ (1900)లో ఏడుగురు వాయిద్యగాళ్లూ మెలియెస్సే. అంటే అదే ఫిల్ము ఏడుసార్లు కెమెరాలోంచి వెళ్లింది. పక్కవాడిని చూసి తల ఊపాలంటే ఆ పక్కవాడు ఇంకా పుట్టలేదు, లెక్క మీదే ఊపాలి. ఆరో విడతలో తప్పు చేస్తే ముందు ఐదూ పోయినట్టే. ప్రతిసారీ కెమెరా పళ్లు ఫిల్ము అంచు రంధ్రాల్లో పడి లాగడం వల్ల ఫిల్ము అంచు చిరిగిపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

ఈ పనంతా పారిస్ పక్కనున్న మాంత్రోయ్‌లో 1897లో కట్టించిన గాజు స్టూడియోలో జరిగింది. గోడలూ కప్పూ గాజువి. ఎండ తిన్నగా పడి నీడలు పదునెక్కకుండా ఎక్కువ భాగం మసక గాజు వేశారు, గుడ్డ బిగించిన చట్రాలు లాగి వెలుతురు తగ్గించుకునేవాళ్లు. వేదిక కొలతలు తన థియేటర్‌కు సరిపడేలా పెట్టుకున్నాడు, నేలలో తలుపులు కూడా ఉన్నాయి. సెట్లు, దుస్తులు అన్నీ నలుపు, తెలుపు, బూడిద రంగుల్లోనే వేయించేవాడు. ఆ రోజుల ఫిల్ముకు ఎరుపు కనబడదు, నల్లగా పడుతుంది. నీలం తెల్లబోతుంది. రంగులు పూస్తే తెర మీద వెలుగునీడలు ఎలా తేలతాయో ఎవరూ చెప్పలేరు, బూడిద రంగు పూస్తే మాత్రం బూడిద రంగే పడుతుంది. పెదవులకు ఎర్రరంగు వేసుకొస్తే నోరు నల్లని గుంటలా కనిపించేది.

తెర మీద మీరు చూసే రంగులు తర్వాత ప్రింటు మీద కుంచెతో వేసినవి. పారిస్‌లో ఎలిజబెత్ త్యూలియే నడిపిన కార్ఖానాలో ఆడవాళ్లు వరసగా కూర్చుని వేసేవారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు, తన రంగు అయ్యాక రీలు పక్కావిడకు పోతుంది. ‘చంద్రమండల యాత్ర’ 260 మీటర్లు. మీటరుకు 52 ఫ్రేముల చొప్పున 13 వేలకు పైగా బొమ్మలు, ఒక్కోటి తపాలా బిళ్ల అంత. ఒక ప్రింటుకు వేసిన రంగు ఇంకో ప్రింటుకు పనికిరాదు, మళ్లీ మొదటినుంచి వేయాల్సిందే.

ఇప్పుడు దివాలా సంగతి. దీనికి లెక్క అర్థం కావాలి.

మెలియెస్ సినిమా హక్కులు అమ్మలేదు, అద్దెకూ ఇవ్వలేదు. బట్ట కొలిచి అమ్మినట్టు ప్రింటును మీటర్ల లెక్కన అమ్మాడు. కొనేవాళ్లు ఎక్కువగా తిరునాళ్లలో డేరాలు వేసుకు తిరిగేవాళ్లు. కొన్నాక అది వాళ్ల సొత్తు, అరిగి చినిగేదాకా ఆడించుకునేవాళ్లు. ‘చంద్రమండల యాత్ర’ (1902)కి సుమారు 10,000 ఫ్రాంకులు, మూడు నెలలు పట్టాయి. నలుపు తెలుపు ప్రింటు 560 ఫ్రాంకులు, రంగు వేసినది 1,000. ఫిల్ము ముడిసరుకు, కడగడం పక్కన పెడితే 18 ప్రింట్లు అమ్ముడైతే తీసిన ఖర్చు వచ్చేసినట్టు. ఊళ్లు తిరిగే డేరావాళ్లు ఉన్నంతకాలం అది మంచి వ్యాపారం.

అమెరికాలో దొంగతనం జరిగిన మాట నిజం. ఎడిసన్ కంపెనీ, ఫిలడెల్ఫియాలో లూబిన్ ఇంకా కొందరు ప్రింటు నుంచి ప్రింటు తీసి అమ్ముకున్నారు. కానీ ఆయన చూస్తూ కూర్చోలేదు. 1903లో అన్న గాస్టన్‌ను న్యూయార్క్ పంపి శాఖ తెరిపించాడు, సినిమాలను అక్కడ కాపీరైట్ కింద నమోదు చేయించాడు. తన స్టార్ ఫిల్ము కంపెనీ నక్షత్రం గుర్తును సెట్ల మీదే కనబడేలా పెట్టేవాడు. అమెరికాకు విడిగా నెగిటివ్ పంపడానికి పక్కపక్కన రెండు కటకాలతో ఒకేసారి రెండు నెగిటివ్‌లు తీశాడు. (ఆ రెండూ దొరికిన సినిమాల్లో వాటిని ఎడమకన్ను, కుడికన్ను బొమ్మలుగా కలిపితే త్రీడీ కనబడుతుంది. ఆయన ఉద్దేశం అది కానే కాదు.) దొంగతనం తర్వాత కూడా నాలుగైదేళ్లు ఆయన పెద్ద నిర్మాతల్లో ఒకడే. దొంగలు లాభం కొంత తిన్నారు, కొంపను కూల్చింది వాళ్లు కాదు.

కూలడం 1907లో మొదలైంది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని పెద్ద సినిమా సంస్థ పాతే కంపెనీ ప్రింట్లు అమ్మడం మానేసి అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. మన దగ్గర ఔట్‌రైట్‌కీ పర్సంటేజీకీ తేడా తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఊళ్లో స్థిరంగా ఉన్న హాలువాడు వారం వారం బొమ్మ మార్చాలి. వాడికి ఒక గొప్ప సినిమా కాదు, ఆగకుండా సరుకు కావాలి. తిరునాళ్ల డేరావాడు పోటీలో పడిపోయాడు, మెలియెస్ కొనుగోలుదారు వాడే. 1908లో ఎడిసన్ నడిపిన అమెరికా నిర్మాతల కూటమి (ట్రస్టు)తో కలిశాక ఆయన వారానికి 1,000 అడుగులు ఇవ్వాల్సి వచ్చింది. అంటే 305 మీటర్లు. మూడు నెలలు పట్టిన ‘చంద్రమండల యాత్ర’ కంటే పొడుగు, ప్రతి వారం! సెట్టు గీసేది తనే, కథ రాసేది తనే, వేషం వేసేది తనే, ట్రిక్కు లెక్కపెట్టేది తనే అయిన మనిషికి ఇది మోయలేని బరువు. ఆ ఏడాది 50కి పైగా తీశాడు. చూస్తే తెలిసిపోతుంది, చాలావాటిలో పాత ఎత్తులే మళ్లీ వచ్చాయి, సెట్లు పలచబడ్డాయి.

1909 ఫిబ్రవరిలో పారిస్‌లో నిర్మాతల మహాసభకు అధ్యక్షుడు ఆయనే. అద్దె పద్ధతి ఖాయమైంది ఆ సభలోనే. నాలుగు నెలల తర్వాత ప్రింటు వెనక్కి ఇవ్వాలన్నారు. కుర్చీలో కూర్చుని తన వ్యాపారానికి ఉరితాడు పేనడం చూశాడనే చెప్పాలి.

తర్వాతిది త్వరగానే ముగుస్తుంది. 1911లో పాతే నుంచి డబ్బు తీసుకున్నాడు, హామీగా మాంత్రోయ్ ఆస్తి పెట్టాడు. ‘ధ్రువ విజయం’ (1912)లో మనుషుల్ని మింగే మంచు రాక్షసుడి బొమ్మ ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ అప్పటికే ప్రేక్షకులు నటుల ముఖాలు దగ్గరగా చూడటానికి, కథ చోటు మారుతూ నడవటానికి అలవాటు పడ్డారు. ఆయన కెమెరా ఇంకా నాటకం హాల్లో మధ్య సీట్లో కూర్చున్నట్టే ఉంది. ఆ సినిమాలు ఆడలేదు. గాస్టన్ తీసుకున్న దారి కూడా నష్టమే తెచ్చింది. టెక్సాస్‌లో కౌబాయ్ సినిమాలు తీశాక, 1912లో దక్షిణ పసిఫిక్ దీవులకూ ఆసియాకూ బృందాన్ని తీసుకెళ్లి చాలా డబ్బు పోగొట్టాడు. అన్నదమ్ములు మళ్లీ కలవలేదు. 1914లో యుద్ధం వచ్చి అప్పుల వసూలు నిలిచిపోయింది, అందుకే మాంత్రోయ్ వెంటనే పోలేదు. యుద్ధకాలంలో సైన్యం ఆయన ప్రింట్లు వందల కొద్దీ పట్టుకెళ్లి, వెండి తీసుకుని, సెల్యులాయిడ్‌ను బూట్ల మడమలకు వాడింది. బూట్ల ఫ్యాక్టరీ ఇంట్లో పుట్టిన మనిషి సినిమాలవి. 1923లో మాంత్రోయ్ చేజారినప్పుడు మిగిలిన నెగిటివ్‌లు తానే తగలబెట్టాడు.

1925లో జాన్ దల్సీని పెళ్లి చేసుకున్నాడు. పేపరు మీద కుర్చీలోంచి మాయమైన ఆవిడే. మోంపర్నాస్ రైల్వేస్టేషన్లో ఆవిడ బొమ్మలు, మిఠాయిలు అమ్మే చిన్న కొట్టులో ఇద్దరూ కూర్చునేవారు. అక్కడ ఉండగా ఒక సినిమా పత్రిక సంపాదకుడు గుర్తుపట్టాడు. 1929 డిసెంబర్ 16న పారిస్‌లోని సాల్ ప్లేయెల్ హాల్లో ఆయన సినిమాలతో పెద్ద సభ జరిగింది. 1931లో ఫ్రెంచి ప్రభుత్వ పురస్కారం లెజియన్ డాన్నర్ పతకాన్ని లూయీ ల్యూమియేర్ చేతుల మీదుగా అందుకున్నాడు. 1932 నుంచి ఓర్లీలో సినిమావాళ్ల విశ్రాంతి గృహంలో ఉన్నాడు. 1938 జనవరి 21న పోయాడు.

మెలియెస్ 1,500 సినిమాలు తీశాడని కొన్నిచోట్ల కనబడుతుంది, అది తప్పు. స్టార్ ఫిల్ము జాబితాలో సినిమాకు ఒక నంబరు కాదు, 20 మీటర్ల రీలుకు ఒక నంబరు. ‘చంద్రమండల యాత్ర’ నంబరు 399 నుంచి 411 దాకా. పదమూడు నంబర్లు, ఇంటూ ఇరవై, 260 మీటర్లు. అసలు సినిమాలు సుమారు 520. అందులో 200 దాకా మిగిలాయి.

చూడటం మొదలెట్టాలంటే ‘స్త్రీ అదృశ్యం’, ‘నాలుగు తలలు’ (1898), ‘రబ్బరు తల మనిషి’, ఆ తర్వాత ‘చంద్రమండల యాత్ర’ రంగు ప్రింటు చూడండి. రంగు ప్రింటు 1993లో బార్సిలోనా ఆర్కైవ్‌కు చేరింది. ఫిల్ము కుంచించుకుపోయి చుట్టలు ఒకదానికొకటి అంటుకుని గట్టి ముద్దలా ఉంది. ముక్కముక్కగా విడదీసి ఫొటోలు తీసుకుని, చెడిపోయిన చోట నలుపు తెలుపు ప్రింటు నుంచి నింపి, 2011లో కాన్ చిత్రోత్సవంలో చూపించారు. అందులో జెండా ఎరుపు, పసుపు, ఎరుపు చారలతో ఉంటుంది, స్పెయిన్ ప్రదర్శకుడి కోసం వేసిన రంగు. ఫ్రేములను ఒక్కొక్కటిగా జరుపుతూ చూడండి. చంద్రుడి కంట్లో ఫిరంగి గుండు దిగే చోట దిగడం ఎక్కడా కనబడదు. ఒక ఫ్రేములో కన్ను ఖాళీగా ఉంటుంది, తర్వాతి ఫ్రేములో గుండు గుచ్చుకుని ఉంటుంది.